మార్కుల పట్టికలో లేని పని

ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో ఎవరి ఫోను తీసి చూసినా టైము సరిగ్గానే ఉంటుంది. అలా ఉండటానికి ఆ ఫోను లోపల ఒక చిన్న ఫైలు పనిచేస్తూ ఉంటుంది. ఏ దేశంలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ కాలమానం నడిచిందో వరుసగా రాసిపెట్టిన ఫైలు అది. టైమ్‌జోన్ డేటాబేస్ అంటారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఐఫోన్లలో, లినక్స్ సర్వర్లలో ఉండేది అదే. అందులో ‘ఏషియా/కోల్‌కతా’ అనే పద్దు పట్టుమని పది వరుసలు కూడా ఉండదు. కానీ రైల్వే ఊరి మనిషి చదివితే అక్కడ కాసేపు ఆగిపోతాడు. 1870 నుంచి 1905 చివరి దాకా గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందు అని అందులో ఒక వరుస ఉంది. అది కలకత్తా టైము కాదు, మద్రాసు టైము. ఆ రోజుల్లో మన రైల్వేలు పాటించింది మద్రాసు గడియారాన్నే. బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్ మీదుగా పట్టాలు వేసిన కాలంలో కలకత్తా నగరం టైము రైల్వే టైము కంటే అరగంటకు పైగా ముందుండేది. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం వచ్చిన సంగతి ఆ తర్వాతి వరుసలో కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గడియారాలు గంట ముందుకు జరిపిన సంగతి, 1945 అక్టోబరు 15న మళ్లీ వెనక్కి తిప్పిన సంగతి ఆ కింద ఉన్నాయి.

ఈ ఫైలును నడిపేది ఏ పెద్ద కంపెనీయో, ఏ ప్రభుత్వ శాఖో అనుకుంటాం. నిజానికి అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసిన ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ 1980లలో దీన్ని మొదలుపెట్టారు. ఆయన తర్వాత బాధ్యత తీసుకున్న పాల్ ఎగర్ట్ లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ పాఠాలు చెప్పే అధ్యాపకుడు. మొరాకోలో రంజాన్ నెలకు గడియారం మారుతుంది. 2023లో ఈజిప్టు వేసవి కాలమానాన్ని మళ్లీ తెచ్చింది. ఇలా ఎక్కడ ఏ ప్రభుత్వం ఏ నిర్ణయం తీసుకున్నా ఆ మార్పు ఈ ఫైలులోకి ఎక్కాలి, కొత్త వెర్షన్ విడుదల కావాలి. ఆ ఆధారాలు వెతకడం, పాత గెజిట్లు, పత్రికలు తిరగేయడం, తప్పు తేలితే సవరించి కారణం రాసిపెట్టడం ఏళ్ల తరబడి సాగుతున్న పని. 2011 సెప్టెంబరు 30న ఆస్ట్రోలేబ్ అనే జ్యోతిష సాఫ్ట్‌వేర్ కంపెనీ ఈ ఇద్దరి మీదా కాపీరైటు దావా వేసింది. పాత కాలమానాల సమాచారం తమ పుస్తకానిదన్నది దాని వాదన. కొద్ది రోజుల పాటు ప్రపంచపు గడియారాల ఫైలుకు నిలవనీడ లేకుండా పోయింది. 2012 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దావా వెనక్కి తీసుకుంది. ఈలోగా ఇంటర్నెట్ చిరునామాలను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ ఫైలుకు చోటిచ్చింది. ఇన్ని కోట్ల యంత్రాలు ఆధారపడిన పని ఇద్దరు మనుషుల పేరు మీద, కోర్టు నోటీసు అంత దూరంలో నడుస్తోందన్న సంగతి ఆనాడే చాలామందికి తెలిసింది.

ఎగర్ట్ లాంటివాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. పగలు పాఠం చెబుతారు, పరిశోధన విద్యార్థులను చూసుకుంటారు, మిగిలిన వేళల్లో నలుగురూ ఉచితంగా వాడుకునే ప్రోగ్రాములను నిలబెడతారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే ధర లేనిదని మాత్రమే కాదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించడంతో మొదలైన ఈ ఉద్యమం అడుగుతున్నవి నాలుగు హక్కులు. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకోవచ్చు, లోపలి సోర్స్ కోడ్ చదివి మార్చుకోవచ్చు, ఇతరులకు కాపీలు ఇవ్వొచ్చు, మార్చినదాన్నీ పంచొచ్చు. ఈ హక్కులు కాగితం మీద ఉంటే సరిపోదు. ఆ కోడ్‌ను ఎవరో ఒకరు ఏటేటా చూసుకుంటూ ఉండాలి. ఆ చూసుకోవడం కూడా విద్యా సంబంధమైన పనే, పరిశోధన అంత గౌరవం దానికీ దక్కాలి, మన విశ్వవిద్యాలయాలు దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ముఖ్యంగా తెలుగు లాంటి భాషకు ఇది అత్యవసరం. నా వాదనంతా ఇదే. దాన్ని ఖరగ్‌పూర్ నుంచి చెప్పడానికి తగిన కారణం ఉంది.

ఈ ఊరికి తెలుగువాళ్లు వచ్చింది బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) పని కోసం. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాల్లో ఫిట్టర్లు, టర్నర్లు, బాయిలరు పనివాళ్లు, కళాసీలు ఉండేవారు. 1927లో ఇక్కడి రైల్వే కార్మికులు సమ్మె చేసిన రోజుల్లో బి.ఎన్.ఆర్. కార్మిక సంఘ నాయకుల్లో తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఉన్నారు. ఈ ఊరు బతికింది రైల్వే వర్క్‌షాపు మీద. వర్క్‌షాపులో ప్రధానంగా జరిగేది కొత్త బండి తయారీ కాదు, ఉన్న బండిని విప్పి, అరిగిన భాగం మార్చి, కొలిచి, బిగించి మళ్లీ పట్టాల మీదికి పంపడం. రైల్వే భాషలో పి.ఓ.హెచ్., అంటే నిర్ణీత కాలానికొకసారి చేసే ఓవర్‌హాలింగ్. పెట్టె మీద చూస్తే ఏ వర్క్‌షాపులో ఏ తేదీన అది జరిగిందో, మళ్లీ ఎప్పుడు రావాలో పెయింటుతో రాసి ఉంటుంది. ఆ తేదీ దాటిన పెట్టెను నడపడానికి ఏ అధికారీ సాహసించడు. సాఫ్ట్‌వేర్‌కు కూడా ఇలాంటి ఓవర్‌హాలింగ్ కావాలి. కాకపోతే దాని మీద తేదీ రాసి ఉండదు. అరిగిన సంగతి బయటికి కనిపించదు. నడుస్తూ నడుస్తూ ఒక రోజు ఆగిపోతుంది. రైల్వే తన ఓవర్‌హాలింగ్‌కు షెడ్డు కట్టింది, జీతం ఇచ్చింది, పింఛను ఇచ్చింది. మన భాషా సాఫ్ట్‌వేర్‌ను ఓవర్‌హాల్ చేసేవాళ్లకు అలాంటిదేమీ లేదు.

తెలుగు అక్షరం కంప్యూటర్ మీదికి వచ్చిన దారి చూస్తే ఈ మాట బోధపడుతుంది. లిపుల ఉమ్మడి సంకేతాల పట్టిక అయిన యూనికోడ్ 1991 నాటి మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటుంది. అయినా చాలా ఏళ్లు పత్రికలు, ప్రచురణకర్తలు, డీటీపీ సెంటర్లు వాడింది ఎవరికి వారు చేసుకున్న ఫాంట్లనే. ఒక్కో ఫాంటు ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కల్ని తనకు తోచినట్టు కూర్చుకునేది. ఆ ఫాంటు లేని మిషన్‌లో ఫైలు తెరిస్తే అర్థం లేని గుర్తులు వచ్చేవి. అలా చిక్కుబడ్డ పుస్తకాలు, పత్రికల పాత సంచికలు ఈరోజుకీ ఉన్నాయి. ఈ చిక్కు విప్పింది ఎక్కువగా సొంత సమయం పెట్టినవాళ్లే. 1990ల తొలినాళ్లలో అమెరికాలో, టెక్సస్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు రాసుకునే ఆర్‌టీఎస్ పద్ధతిని తీర్చిదిద్దారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన2000, వేమన2000 ఫాంట్లు చేసి స్వేచ్ఛగా వాడుకోనిచ్చారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిన వెన్న నాగార్జునే ‘పద్మ’ అనే ఉపకరణం రాసి, పాత ఫాంట్లలో చిక్కుకున్న తెలుగును ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో యూనికోడ్‌గా చూపించారు. 2006లో వీవెన్ తెచ్చిన ‘లేఖిని’తో నెట్‌లో తెలుగు రాయడం నేర్చుకున్నవాళ్లు ఒక తరం ఉన్నారు.

ఇక్కడే అసలు సంగతి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చింది. బ్రౌజర్ లోపలి నిర్మాణం మారింది, పాత పద్ధతిలో రాసిన యాడ్ ఆన్‌లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పద్మలో తెలుగు వ్యాకరణం తప్పలేదు, మార్పిడి సూత్రాలు తప్పలేదు, కింద నేల కదిలింది. ఇలాంటి రోజున మళ్లీ రాసేవాళ్లుంటే ఉపకరణం బతుకుతుంది, లేకపోతే పోతుంది. ఆర్‌టీఎస్ కథ చూడండి. ఆ పద్ధతి ఇప్పటికీ లినక్స్ యంత్రాలన్నింటికీ దొరుకుతుంది. ఎం17ఎన్ అనే సాఫ్ట్‌వేర్ గ్రంథాలయంలో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, పోతన, ఆర్‌టీఎస్ అని వేర్వేరు కీబోర్డు ఫైళ్లున్నాయి. ఆ గ్రంథాలయాన్ని తయారుచేసింది జపాన్ ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏఐఎస్‌టీ. కెనిచి హాండా బృందం దాన్ని తమ ఉద్యోగ ధర్మంగా రాసింది. టెక్సస్‌లో పుట్టిన తెలుగు పద్ధతి, జపాన్ ప్రభుత్వ జీతం మీద నడిచిన కోడ్‌లో ఇమిడి, ఈరోజు ఖరగ్‌పూర్‌లో ఎవరు లినక్స్ పెట్టుకున్నా అందుబాటులో ఉంది. వ్యక్తి ఉత్సాహం ఒక్కటే ఉన్నచోట ఉపకరణం నేల కదిలిన రోజున ప్రమాదంలో పడింది. ఒక సంస్థ దీన్ని తన పనిగా ఒప్పుకున్నచోట నిలిచింది.

లోపలికి చూడగలగడం ఎందుకు ముఖ్యమో 2018 ఫిబ్రవరి చెప్పింది. ఆ నెలలో ఐఫోన్‌కు ఒక తెలుగు అక్షరం మెసేజిలో వస్తే చాలు, ఆ యాప్ కుప్పకూలేది. తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది. ఆ అక్షరం ‘జ్ఞా’. జ్ఞానంలో మొదటి అక్షరం. యూనికోడ్‌లో దీనికి జ, పొల్లు, ఞ, ఆపైన దీర్ఘం అని నాలుగు సంకేతాలు చాలు. ఫోన్లను కూల్చిన వరుసలో ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని మరో సంకేతం ఉంది, రెండు అక్షరాలను కలవనివ్వొద్దని చెప్పేది. తెలుగు గుణింతం తెలిసినవాళ్లకు ఇందులో కష్టం ఎక్కడో ఇట్టే తెలుస్తుంది. దీర్ఘం వరుసలో చివర వస్తుంది, కానీ గీసేటప్పుడు అది ముందున్న జ తలమీదికి ఎక్కాలి. ఞ ఒత్తుగా మారి కిందికి దిగాలి. ఇదంతా జరిగాక కర్సరు ఎక్కడ ఆగాలో లెక్క తేలాలి. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి లోపం సరిచేసింది. త్వరగానే చేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే అప్పటిదాకా ప్రపంచంలోని తెలుగువాళ్లంతా, వాళ్లలో ఎంతమంది ఇంజినీర్లున్నా, తమ అక్షరం ఎందుకు ఫోన్లు కూలుస్తోందో ఆ కోడ్ తెరిచి చూడలేకపోయారు. బయటి నుంచి ఊహించడమే మిగిలింది. అదే హార్ఫ్‌బజ్ అయితే అలా కాదు. బెహ్దాద్ ఎస్‌ఫహ్‌బోద్ ప్రధానంగా రాసిన ఆ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీసుల్లో అక్షరాలను అమర్చేది. అందులో తెలుగు నియమాలు రాసిన ఫైలును విజయనగరంలో డిగ్రీ చదివే విద్యార్థి కూడా తెరిచి చదవొచ్చు, తప్పుంటే ఇదీ తప్పు అని వరుస సంఖ్యతో చూపించొచ్చు.

అలా ఎవరో తప్పు చూపించిన రోజున ఈ పని చేసే అధ్యాపకుడి పూట ఎలా గడుస్తుందో బయటివాళ్లకు తెలియదు. మెయిలులో ఒక ఫిర్యాదు వస్తుంది. ఒక ఫాంటులో ‘క్షై’ రాస్తే ఐత్వం కింది ముక్క ఒత్తు మీద పడుతోందని. ముందు ఆ ఫిర్యాదు నిజమో కాదో తేలాలి. అదే ఫాంటు, అదే వెర్షన్ తెచ్చి తన యంత్రంలో రప్పించాలి. ఐత్వం గుర్తు తెలుగులో రెండు ముక్కలు. పైన ఎత్వం, కింద వేరే గుర్తు. యూనికోడ్ దాన్ని ఒక సంకేతంగానూ చూస్తుంది, రెండుగానూ విడదీస్తుంది. లోపం ఫాంటులో ఉందా, అమర్చే ఇంజిన్‌లో ఉందా, బ్రౌజర్‌లో ఉందా అని ఒక్కొక్కటీ తీసేసి చూడాలి. నిరుడు బాగున్నది ఈ ఏడు పాడైతే, మధ్యలో జరిగిన వందల మార్పుల్లో ఏది కారణమో సగానికి సగం కోసుకుంటూ వెతకాలి. దొరికాక దిద్దుబాటు రెండు వరుసలే కావొచ్చు. ఆ రెండు వరుసలు కన్నడను, మలయాళాన్ని పాడు చేయడం లేదని పరీక్షించాలి. ఈ లోపం మళ్లీ రాకుండా ‘క్షై’ని పరీక్షల జాబితాలో చేర్చాలి. మార్పు ఎందుకు చేశామో తర్వాత వచ్చేవాళ్లకు అర్థమయ్యేలా నాలుగు వాక్యాలు రాయాలి. ఇందులో పరికల్పన ఉంది, ప్రయోగం ఉంది, ఆధారం ఉంది, తోటివారి సమీక్ష ఉంది, రికార్డు ఉంది. ప్రయోగశాలలో ఇవే చేస్తే పరిశోధన అంటాం. ఇక్కడ మాత్రం ‘ఖాళీ టైములో ఏదో చేస్తుంటాడు’ అంటాం.

తెలుగుకు సంబంధించి ఇలాంటి పండితులకు కొదవ లేదు. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్, అంబా కులకర్ణి తదితరులు అక్షర భారతి పేరుతో చేసిన ‘అనుసారక’ ఐఐటీ కాన్పూర్‌లో మొదలై హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి, తర్వాత ట్రిపుల్ ఐటీకి వచ్చింది. తెలుగు, కన్నడ, మరాఠీ, బెంగాలీ, పంజాబీ వాక్యాలను హిందీ పాఠకుడికి అందించడానికి పాణిని పద్ధతి ఆధారంగా రాసిన సాఫ్ట్‌వేర్ అది. దాన్ని జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద బయటపెట్టారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనే అతుల్ నేగి, చక్రవర్తి భాగవతి తదితరులు 2001లో తెలుగు ఓసీఆర్, అంటే అచ్చు అక్షరాలను కంప్యూటర్ చదివే పద్ధతి మీద పరిశోధన పత్రం వెలువరించారు. స్టాన్‌ఫర్డ్‌లో ఆచంట రాకేశ్వరరావు, ట్రెవర్ హేస్టీ 2015లో తెలుగు అచ్చును గుర్తుపట్టే డీప్ లెర్నింగ్ పద్ధతి ప్రచురించారు. ఆ కోడ్ బయటే ఉంది. ముంబయిలోని హోమీ భాభా విజ్ఞానశాస్త్ర విద్యా కేంద్రంలో జి. నాగార్జున ‘నోసిస్’ అనే జ్ఞాన నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను నడిపారు. గ్నూ ప్రాజెక్టు దాన్ని తన అధికారిక ప్యాకేజీగా చేర్చుకుంది. 2001లో తిరువనంతపురంలో మొదలైన భారత ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు ఆయన అధ్యక్షులుగా పనిచేశారు. తత్వశాస్త్రం, విద్యాబోధన, కోడ్ ఆయన దగ్గర ఒకే వృత్తి అయ్యాయి. పిల్లలు దేన్నైనా విప్పి చూసి నేర్చుకోవాలని నమ్మే మనిషి మూసిపెట్టిన సాఫ్ట్‌వేర్‌తో తరగతి నడపడం కుదరదు. ఆ పొందిక నాకు అన్నింటికంటే విలువైనదిగా తోస్తుంది.

ఇప్పుడు మార్కుల సంగతి. అధ్యాపకుల నియామకాలు, పదోన్నతుల కోసం యూజీసీ 2018లో ఇచ్చిన నిబంధనల్లో పరిశోధన మార్కుల పట్టిక ఒకటి ఉంది. సైన్సులో సమీక్షిత పత్రిక వ్యాసానికి 8, భాషలు, సామాజిక శాస్త్రాల్లో 10. పుస్తకానికి, అనువాదానికి, ఈ కంటెంట్‌కు, ఆన్‌లైన్ కోర్సుకు వేర్వేరు మార్కులున్నాయి. జాతీయ పేటెంటుకు 7, అంతర్జాతీయ పేటెంటుకు 10. నలుగురూ వాడుకోవడానికి విడుదల చేసి, పదేళ్లు నిలబెట్టిన సాఫ్ట్‌వేర్‌కు విడిగా వరుస లేదు. అంటే ఒక ఆలోచనను ఇతరులు అనుమతి లేకుండా వాడకూడదని రిజిస్టరు చేయించుకున్న అధ్యాపకుడికి ఏడో, పదో మార్కులు వస్తాయి. అదే ఆలోచనను తెలుగు చదివేవాళ్లందరి చేతిలో పెట్టిన అధ్యాపకుడు ఫారంలో ఏ గడి నింపాలో వెతుక్కుంటాడు. ఇది కేంద్ర ప్రభుత్వ విధానానికే పొసగదు. 2015లో ప్రభుత్వమే తన కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని విధానం ప్రకటించింది. వాడమని ఒక శాఖ చెబుతుంటే, తయారుచేసేవాళ్లను మరో సంస్థ పట్టిక గుర్తించడం లేదు.

దీనికి విశ్వవిద్యాలయాల్లో వినిపించే జవాబు ఒకటుంది. సాఫ్ట్‌వేర్ పరిశోధనకు ఉపఫలం, దాని గురించి పేపరు రాస్తే మార్కులు వస్తాయి కదా అని. పేపరు ఒక్కసారి రాస్తారు. ఆ తర్వాతి పదేళ్ల దిద్దుబాట్లకు పేపరు రాదు. పైగా ఈ లెక్క ప్రతిభను ఎటు తోస్తుందో నంపై చరిత్ర చూపిస్తుంది. పైథాన్‌లో సంఖ్యలతో పనిచేసే ప్రతి శాస్త్రవేత్తా వాడే ఆ గ్రంథాలయం మొదటి వెర్షన్ 2006లో వచ్చింది. దాన్ని రాసిన ట్రావిస్ ఆలిఫెంట్ అప్పటికి బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసరు. మరుసటి ఏడాది ఆయన విశ్వవిద్యాలయం వదిలి వెళ్లారు. 2019లో కృష్ణబిలం తొలి చిత్రం తయారుచేసినవాళ్లు వాడిన ఉపకరణాల్లో నంపై ఒకటి. నంపై గురించి నేచర్ పత్రికలో సమగ్ర వ్యాసం వచ్చింది 2020లో, మొదటి వెర్షన్ వచ్చిన 14 ఏళ్లకు. కోడ్‌ను తూచడం కష్టమన్నది మరో అభ్యంతరం. అందులో కొంత నిజముంది, కోడ్ వరుసలు లెక్కపెడితే ఏమీ తేలదు. కానీ 2016 నుంచి జర్నల్ ఆఫ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇదే పని చేస్తోంది. సమీక్షకులు ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేసి, పరీక్షలు నడిపి, పత్రాలు చదివి తీర్పు చెబుతారు. ఆ సమీక్ష అంతా బహిరంగంగా జరుగుతుంది. చాలా పత్రికల గుప్త సమీక్ష కంటే ఇది కఠినం. తూచడం తెలియదనడం కంటే తూచే ఓపిక లేదనడం నిజానికి దగ్గర.

కంపెనీలు చేస్తున్నాయి కదా, అధ్యాపకుడికెందుకు శ్రమ అనే ప్రశ్న ఇంకా బలమైనది. తెలుగు కీబోర్డు ఫోనుతోపాటే వస్తోంది. గూగుల్ నోటో తెలుగు ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చింది. ఆ మేలును తక్కువ చేయనక్కర్లేదు. అయితే కంపెనీ ఇచ్చినది కంపెనీ లెక్క ప్రకారమే ఉంటుంది, లెక్క మారితే పోతుంది. విండోస్‌లో తెలుగు టైపు చేయడానికి చాలామంది అలవాటుపడిన గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ ఆఫ్‌లైన్ ప్రోగ్రామును కంపెనీ ఆపేసినప్పుడు, వాడుకరులు ఇంటర్నెట్‌లో పాత కాపీల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. సోర్స్ చేతిలో లేదు కాబట్టి ఎవరూ దాన్ని కొనసాగించలేకపోయారు. నోటో ఫాంట్ల విషయంలో రేపు గూగుల్ ఆసక్తి తగ్గినా మనం కొనసాగించుకోవచ్చు, లైసెన్సు అలాంటిది. కానీ కొనసాగించే చేతులు ఎక్కడి నుంచి వస్తాయి? అక్షరాల అమరిక తెలిసినవాళ్లు, భాషాశాస్త్రం తెలిసినవాళ్లు, పిల్లలకు ఆ విద్య నేర్పగలవాళ్లు ఒకేచోట ఉండేది విశ్వవిద్యాలయంలోనే.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోనూ ఘోరమైన లోపాలు వచ్చాయి కదా అంటే, వచ్చాయి. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ వ్యవహారం అన్నింట్లోకీ భయపెట్టేది. లినక్స్ యంత్రాలన్నింట్లో ఉండే ఒక ఫైలు కుదింపు ప్రోగ్రాములోకి, సర్వర్ల తాళం తీయగల దొంగదారిని ఎవరో జియా టాన్ అనే పేరుతో చొప్పించారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన యంత్రంలోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, కారణం వెతుకుతూ వెళ్లి దాన్ని పట్టుకున్నారు. కోడ్ తెరిచి ఉండబట్టే పట్టుకోగలిగారు. నన్ను కలవరపెట్టేది అంతకు ముందటి రెండేళ్లు. ఆ ప్రోగ్రామును ఏళ్లుగా నడిపింది లాసె కొలిన్ ఒక్కరే. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని పని అని ఆయన 2022లోనే రాశారు. త్వరగా చేయడం లేదని కొన్ని పేర్లు ఆయన మీద ఒత్తిడి పెట్టాయి. సాయం చేస్తానంటూ వచ్చిన అపరిచితుడికి అలసిన మనిషి తాళాలు అప్పగించారు. ఆయన పక్కన ఒక విభాగం, ఇద్దరు పరిశోధన విద్యార్థులు, ఏడాదికొకసారి లెక్క అడిగే సంస్థ ఉండి ఉంటే ఆ అపరిచితుడికి అంత సులువుగా చోటు దొరికేది కాదు. ఈ ఘటన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద సాక్ష్యమని కొందరంటారు. దాన్ని ఒంటరి మనిషి మీద వదిలేయడం మీద సాక్ష్యమని నేనంటాను.

ఖరగ్‌పూర్ తెలుగుకు ఇదంతా దూరపు సంగతి కాదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఆ నిర్ణయానికి ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల సంఖ్య ప్రధాన కారణం. హోదా అమలయ్యేది ఆఫీసు కంప్యూటర్‌లో తెలుగు అర్జీ తెరుచుకున్న రోజున, తెలుగు ఫారం అచ్చయిన రోజున. దానికి కావలసిన ఫాంట్లు, కీబోర్డులు, అమరిక ఇంజిన్లు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటికే ఉన్నాయి, కొనాల్సిన పని లేదు. మాట సంగతి మాత్రం వేరు. సుభాష్‌పల్లి, మథురాకాటి, నింపురా, మలంచలలో వినిపించే తెలుగు ఉత్తరాంధ్ర యాస మీద నిలిచి, హిందీ, బంగ్లా, ఒడియా మాటలు కలుపుకొని నాలుగు తరాలుగా నడిచింది. టీవీ వార్తల తెలుగు విని నేర్చిన యంత్రానికి ఈ మాట సరిగ్గా అందదు. ఇదే ఊళ్లో, హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో మొదలైన ఐఐటీలో, ఆచార్య కె. శ్రీనివాసరావు బృందం 2009లో భావోద్వేగాల తెలుగు ధ్వని భాండాగారం ప్రకటించింది. విజయవాడ ఆకాశవాణి కళాకారులు పదిమంది పదిహేను వాక్యాలను ఎనిమిది భావాల్లో, పది విడతలుగా పలికారు. మొత్తం 12,000 పలుకులు. కోపం, భయం, ఆశ్చర్యం స్పష్టంగా పలికించాలంటే శిక్షణ ఉన్న గొంతులు కావాలి కాబట్టి ఆ ఎంపిక సబబే. ఖరగ్‌పూర్ ఐఐటీలో తెలుగు ధ్వని మీద పని చేయగల విద్య ఉందని అది రుజువు చేసింది. రైల్వే కాలనీల తెలుగును యంత్రానికి నేర్పే పని మిగిలే ఉంది. ఏ కంపెనీకీ అందులో లాభం కనబడదు. అది జరగాలంటే మాటను గుర్తుపట్టే నమూనా తెరిచి ఉండాలి, ఇక్కడి గొంతులతో దాన్ని మళ్లీ శిక్షణకు పెట్టే అవకాశం ఉండాలి, పెట్టినవాళ్లు మధ్యలో వదిలిపోకుండా ఉండాలి.

విద్యార్థుల్లో ఉత్సాహం ఉంది. ఐఐటీలోని ఖరగ్‌పూర్ ఓపెన్ సోర్స్ సొసైటీ శీతాకాలంలో ‘వింటర్ ఆఫ్ కోడ్’ నడుపుతుంది. ఇలాంటి పనికి కొత్తవాళ్లు కొన్ని వారాల పాటు ఒక నిజమైన ప్రాజెక్టులో మార్పులు చేసి పంపుతారు. మొదటి అడుగుకు అది మంచి చోటు. అయితే విద్యార్థి నాలుగేళ్లలో పట్టా తీసుకుని వెళ్లిపోతాడు, ఫాంటులో లోపం ఆరో ఏట బయటపడుతుంది. ఆ వ్యవధిని దాటించగలిగేది అక్కడే ఉండిపోయే అధ్యాపకుడు. ఐఐటీలు యూజీసీ పట్టిక కిందికి రావు, తమ కొలతలు తామే రాసుకుంటాయి. కాబట్టి పదోన్నతి ఫారంలో ఒక వరుసను ఎవరి అనుమతీ అడగకుండా అవి చేర్చుకోవచ్చు. ఏ సాఫ్ట్‌వేర్‌ను నిలబెట్టారు, ఎన్నేళ్లుగా, ఎవరెవరు దాన్ని వాడుతున్నారు, వచ్చిన ఫిర్యాదుల్లో ఎన్ని తీర్చారు, మీ తర్వాత చూసుకోవడానికి ఎవరిని తయారుచేశారు అని ఆ వరుసలో అడగాలి. చివరి ప్రశ్నకు మార్కులు ఎక్కువ ఉండాలి.